పికప్ కొనేముందు వెనక సీటు కొలవండి: చైల్డ్ సీటుకు సరిపడే క్యాబ్ ఎంచుకోవడం ఎలా

చేవెళ్ల దగ్గరో శామీర్‌పేట అవతలో ఎకరం తోట, సిటీలో ఫ్లాటు, ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు. ఈ మూడూ ఉన్నవాళ్లకు పికప్ మీద మనసు పోవడం ఇప్పుడు మామూలైపోయింది. వారమంతా ఆఫీసుకు, ఆదివారం మొక్కలూ ఎరువు బస్తాలూ వేసుకుని తోటకు, అన్నిటికీ ఒకటే బండి అని లెక్క. ఆ లెక్కలో ఇంజన్ చూస్తారు, ఫోర్ బై ఫోర్ చూస్తారు, ఎన్ని కిలోలు మోస్తుందో చూస్తారు. చైల్డ్ సీటు సంగతి డెలివరీ అయిన రెండో రోజు గుర్తొస్తుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు. సీటు కవర్లు మార్చుకోవచ్చు, టైర్లు మార్చుకోవచ్చు, క్యాబ్ పొడవును మాత్రం ఏ మెకానిక్కూ అర అంగుళం పెంచలేడు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పిల్లలు పెద్దవాళ్లయ్యేకొద్దీ వెనక సీట్లో చోటు ఎక్కువ కావాలనుకుంటారు చాలామంది. జరిగేది దానికి తలకిందులు. ఆరు నెలల పాప కూర్చునే సీటు బండి వెనకవైపుకు తిరిగి, వాలుగా ఉంటుంది. దాని పైఅంచు ముందు సీటు వీపుదాకా వస్తుంది. మోడల్‌ను బట్టి వెనక సీటు వీపు నుంచి 70 నుంచి 80 సెంటీమీటర్ల చోటు అదే తినేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాడి బూస్టర్‌కు, అంటే బండి బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటుకు, ఆ గొడవ లేదు, వాడి మోకాళ్లకు చోటుంటే చాలు. అందుకే క్యాబ్‌ను మీ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను బట్టి తేల్చుకోవాలి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇంకా పుట్టని ఆ బిడ్డను బట్టి.

క్యాబ్ పేర్లు, వాటి వెనక అసలు సంగతి

సింగిల్ క్యాబ్ అంటే ఒకటే వరస సీట్లు. వెనక సీటే లేదు కాబట్టి చైల్డ్ సీటు డ్రైవర్ పక్కనే పెట్టాలి. ఆ సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ ఉండి, దాన్ని ఆపే స్విచ్ లేకపోతే వెనక్కి తిరిగి ఉండే సీటు అక్కడ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ పేలితే ఆ దెబ్బ నేరుగా పాప తల వెనక ఉన్న సీటు గుల్ల మీద పడుతుంది. సన్ వైజర్ మీద అడ్డగీత కొట్టిన బొమ్మ ఉండేది దీని గురించే. స్విచ్ ఉన్న బండిలో అది ఎక్కువగా డాష్‌బోర్డు పక్కంచున, తలుపు తెరిస్తే కనిపించే చోట ఉంటుంది. తాళంచెవితో తిప్పాలి. తిప్పాక ‘ఎయిర్‌బ్యాగ్ ఆఫ్’ లైటు వెలిగిందో లేదో చూడాలి, పెద్దవాళ్లు కూర్చునేటప్పుడు మళ్లీ ఆన్ చేయాలి. రోజూ ఇంత గుర్తుపెట్టుకోవడం జరిగే పని కాదు. పిల్లలున్న ఇంటికి సింగిల్ క్యాబ్ వద్దనే చెబుతాం. పదమూడేళ్లలోపు పిల్లలకు వెనక సీటే సరైన చోటు.

రెండోది పొడిగించిన క్యాబ్. ముందు సీట్ల వెనక కాస్త చోటు, అందులో చిన్న సీట్లు, కొన్నిటిలో ఆ వెనక తలుపు వెనక అంచు మీద తిరిగేలా ఉంటుంది. మన షోరూముల్లో ఇది కనబడదు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో కొనబోతుంటే మాత్రం తెలిసి ఉండాలి. పాత మోడళ్లలో కొన్నిటికి వెనక గోడకు మడిచి పెట్టిన పక్కవాటు సీట్లు ఉండేవి. పక్కకు తిరిగిన సీటు మీద ఏ చైల్డ్ సీటూ బిగించకూడదు.

మూడోది డబుల్ క్యాబ్, దాన్నే క్రూ క్యాబ్ అంటారు. నాలుగు పూర్తి తలుపులు, రెండు వరసలు. మన దగ్గర ఈ రెండు పేర్లకూ అర్థం ఒకటే. టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్, మహీంద్రా బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్, అన్నీ ఈ కోవలోవే. అమెరికాలో ఈ పేర్లు నమ్ముకుంటే మునుగుతారు. షెవర్లే సిల్వరాడోలో డబుల్ క్యాబ్ అంటే చిన్నది, క్రూ క్యాబ్ అంటే పెద్దది. టయోటా టండ్రాలోనూ డబుల్ క్యాబ్ చిన్నదే, పెద్దదాని పేరు క్రూమ్యాక్స్. అదే కంపెనీ టకోమాలో డబుల్ క్యాబ్ పెద్దది. ఫోర్డ్ ఎఫ్-150లో సూపర్‌క్యాబ్ వెనక లెగ్‌రూమ్ 33.5 అంగుళాలు, సూపర్‌క్రూకు 43.6. పేర్లలో తేడా చివరి ముక్కే, లోపల తేడా పది అంగుళాలు. డాలస్ నుంచి ఫోన్ చేసి ‘సూపర్‌క్యాబ్ చవగ్గా వస్తోంది నాన్నా’ అంటే, ఇంట్లో పసిబిడ్డ ఉంటే వద్దని చెప్పండి.

కాబట్టి హైదరాబాద్‌లో కొనేవాళ్లకు క్యాబ్ పేరు తేల్చడం నిమిషం పని, డబుల్ క్యాబే. అసలు పని ఆ తర్వాత. డబుల్ క్యాబులన్నీ ఒకటి కావు. పనివాళ్లను సైటుకు తీసుకెళ్లడానికి చేసిన బండి వేరు, ఇంట్లోవాళ్ల కోసం చేసిన బండి వేరు. మొదటి రకంలో వెనక సీట్లకు భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు ఉందా, నడుముకు మాత్రమేనా అని మొట్టమొదట చూడండి. నడుము బెల్టు ఒక్కటే ఉన్న చోట బూస్టర్ పనికిరాదు. ఇంకో మాట, బ్రోషర్‌లోని లెగ్‌రూమ్ అంకె పెద్దవాళ్ల కాళ్ల కోసం కొలిచింది. చైల్డ్ సీటు సరిపోతుందో లేదో అది చెప్పదు. సీటు తీసుకెళ్లి పెట్టి చూడటమే దారి.

షోరూముకు ఏం తీసుకెళ్లాలి

మీ చైల్డ్ సీటు, దాని మాన్యువల్, టైలర్ టేపు, ఒక పాత తువ్వాలు, ఫోన్ టార్చి. ఇంకా సీటు కొనకపోతే ముందు సీటు కొని తర్వాత బండి చూడండి. లక్షలు పోసే వస్తువును అందులో చిన్న వంతు ధర కూడా లేని వస్తువుకు సరిచూసి కొనడం చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది. ఉండనివ్వండి. బండిని బాగా పొడుగైన మనిషి నడుపుతాడనుకుంటే అతన్నీ వెంట తీసుకెళ్లండి. సేల్స్ అబ్బాయిని ముందే ఫోన్లో అడిగి, డిస్‌ప్లే బండి కాకుండా టెస్ట్ డ్రైవ్ బండిని నలభై నిమిషాలు చూసుకుంటామని చెప్పండి. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. షోరూము ముందు ర్యాంపు మీద నిలబెట్టిన బండిలో సీటు వాలు సరిచూస్తే లెక్క తప్పుతుంది.

మొదట డ్రైవర్ సీటు. రోజూ నడిపే మనిషి కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి, తనకు కుదిరినట్టు సీటు జరుపుకోవాలి. ఆ తర్వాత ఆ సీటును ఎవరూ కదపకూడదు. సేల్స్ అబ్బాయి ‘కొంచెం ముందుకు జరిపితే సరిపోతుంది సార్’ అని చేయి పెట్టేది సరిగ్గా ఇక్కడే. ముందుకు జరిపితే ఏ సీటైనా సరిపోతుంది, మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి. ముందు ప్రయాణికుడి సీటుకూ ఒక కొలత ఉంది. కూర్చున్న మనిషి ఛాతీకి, డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూతకు మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. పాప సీటు కోసం ఆ సీటును అంతకన్నా ముందుకు నెట్టాల్సి వస్తే ఆ క్యాబ్ మీకు చాలదు.

తర్వాత ఐసోఫిక్స్, అంటే బెల్టు అక్కర్లేకుండా చైల్డ్ సీటును నేరుగా బండికి తగిలించే కడ్డీలు. వెనక సీటు కుషన్, వీపు కలిసే సందులో వేళ్లు పెట్టి తడమండి. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ఇనుప కడ్డీలు, ఒకదానికొకటి 280 మిల్లీమీటర్ల దూరంలో తగలాలి. ఇవి ఎక్కువగా కిటికీల పక్క సీట్లకే ఉంటాయి. మధ్య సీటుకు కావాలని ఒక పక్క సీటు లోపలి కడ్డీని, రెండో పక్క సీటు లోపలి కడ్డీని కలిపి వాడేస్తారు కొందరు. ఆ దూరానికి ఆ కడ్డీలను పరీక్షించి ఉండరు. మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప ఆ పని చేయకండి. ‘ఐసోఫిక్స్ ఉంది సార్’ అన్న మాట విని ఊరుకోవద్దు, మీరు చూస్తున్న వేరియంట్‌లోనే కడ్డీ వేలికి తగలాలి. టాప్ వేరియంట్‌లో ఉన్నది కింద వేరియంట్‌లో లేకపోవడం కొత్తేమీ కాదు.

ఐసోఫిక్స్ లేనంత మాత్రాన బండిని పక్కన పెట్టక్కర్లేదు. సీటు బెల్టుతో సరిగ్గా బిగించిన సీటు కూడా అంతే గట్టిగా ఉంటుంది. తేడా ఒక్కటే, బెల్టుతో తప్పు చేయడం తేలిక.

పికప్‌లో దాగి ఉండే కొక్కెం

ముందుకు తిరిగి ఉండే చాలా సీట్లకు పైనుంచి ఒక పట్టీ వస్తుంది, టాప్ టెథర్. గుద్దుకున్నప్పుడు సీటు పైభాగం ముందుకు ఊగకుండా పట్టుకునేది అదే. అది లేకపోతే పిల్లల తల ఇంకా చాలా సెంటీమీటర్లు ముందుకు వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంటుంది. కారులో దీని కొక్కెం డిక్కీలోనో వెనక షెల్ఫ్ మీదో కళ్లకు కనబడుతుంది. పికప్‌లో వెనక సీటు వీపుకూ క్యాబ్ వెనక గోడకూ మధ్య బెత్తెడు చోటు కూడా ఉండదు, కొక్కెం అక్కడే దాక్కుని ఉంటుంది. వీపు పైనున్న పట్టీనో లివరునో లాగి ముందుకు వంచితే గాని కనబడదు. కొన్ని బండ్లలో ఇనుప కొక్కెం బదులు గుడ్డ పట్టీతో చేసిన లూపు ఉంటుంది. ఇంకొన్నిటిలో టెథర్‌ను ఆ సీటు వెనక లూపులోంచి దూర్చి, పక్క సీటు కొక్కానికి తగిలించాలి. ఇందులో ఏది మీ బండి పద్ధతో ఓనర్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. షోరూములో ఆ పేజీ తెరిపించి చూడండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఏమిటంటే, సీటు వీపు వెనకే చాలా పికప్‌లలో జాకీ, వీల్ స్పానర్, వాటిని పట్టి ఉంచే క్లిప్పులూ ఉంటాయి. చీకట్లో చేయి పెట్టి, తగిలిన మొదటి ఇనుప ముక్కకు టెథర్ తగిలించేస్తారు. జాకీ క్లిప్పు రేకుది, రెండు కిలోల బరువును ఆపడానికి పెట్టింది. టెథర్ కొక్కెం క్యాబ్ ఉక్కులోకి దిగిన బోల్టుతో ఉంటుంది, పక్కన లంగరు గుర్తు ఉన్న స్టిక్కరో ముద్రో ఉంటుంది. టార్చి తీసుకెళ్లమన్నది దీనికోసమే. ఇంకోటి, జాకీ తీయాలంటే సీటు వీపు వంచాలి, వీపు వంచాలంటే చైల్డ్ సీటు విప్పాలి. రాత్రిపూట ఓఆర్ఆర్ మీద పంక్చరైతే మొత్తం విప్పుకోవాల్సిందే. వీలైతే జాకీని వేరే చోటికి మార్చి, కదలకుండా కట్టి పెట్టుకోండి.

హెడ్‌రెస్ట్ కూడా చూడండి. పికప్‌ల వెనక సీటు వీపు దాదాపు నిటారుగా ఉంటుంది, హెడ్‌రెస్ట్ ముందుకు పొడుచుకొస్తుంది. ముందుకు తిరిగి ఉండే ఎత్తయిన సీటు పెడితే హెడ్‌రెస్ట్‌కు తగిలి, నడుము దగ్గర నాలుగు వేళ్ల సందు మిగులుతుంది. హెడ్‌రెస్ట్ ఊడేదైతే తీసేసి బిగించండి. వీపులో భాగంగా కుట్టేసిన హెడ్‌రెస్ట్ అయితే మీ సీటు ఆ సందుతో వాడొచ్చో లేదో సీటు మాన్యువల్ చెబుతుంది. వాడకూడదంటే ఆ సీటుకూ ఆ బండికీ జత కుదరదు.

బిగించి చూడటం

వెనక్కి తిరిగే సీటుతో మొదలుపెట్టండి, పరీక్షంతా దాంతోనే. పసిబిడ్డకు సీటు వాలు దాదాపు 45 డిగ్రీలు ఉండాలి, మెడ నిలిచాక కొంచెం నిటారుగా ఉన్నా ఫరవాలేదు. సీటు పక్కన గీతో బుడగో ఉంటుంది, అది చెప్పిందే లెక్క. వాలు తక్కువైతే నిద్రపోయిన పాప గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం పడుతుంది. పికప్‌లో కుషన్ పొట్టిగా, బల్లపరుపుగా ఉంటే వాలు చాలకపోవచ్చు. మాన్యువల్ ఒప్పుకుంటే తువ్వాలును గట్టిగా చుట్టి, సీటు అడుగున కాళ్లవైపు, అంటే కుషన్, వీపు కలిసే చోట పెట్టి వాలు సరిచేయొచ్చు. దిండు పెట్టొద్దు, దూది నలిగిపోయి నెల తిరక్కుండానే సీటు వదులవుతుంది.

కుషన్ పొట్టితనం వల్ల మరో ఇబ్బంది. సీటు అడుగుభాగం కుషన్ దాటి ముందుకు వేలాడుతుంది. ఎంతవరకు వేలాడొచ్చన్నది తయారీదారును బట్టి మారుతుంది. కొందరు అడుగులో 80 శాతం కుషన్ మీద ఉంటే చాలంటారు, కొందరు అసలే వేలాడకూడదంటారు. టేపు తీసి కొలిచేయండి.

కొన్ని సీట్లకు ముందు ఒక కాలు ఉంటుంది, నేలకు ఆనే ఊత. అది గట్టి నేల మీద ఆనాలి. పాదాల కింద సామాన్ల డబ్బా మూత ఉన్న బండిలో ఆ మూత మీద పెట్టకూడదు, లోపల బోలుగా ఉంటే బరువుకు విరుగుతుంది. మన దగ్గర డబ్బా మూత కన్నా ఎక్కువ కనబడేది 7డి మ్యాట్. ఆ మెత్తటి ఫోమ్ మ్యాట్ మీద కాలు నిలబెడితే బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, ఫోమ్ అణిగాక కాలు గాల్లో ఉంటుంది. ఆ చోట మ్యాట్ తీసేయాలి.

ఇప్పుడు బిగింపు. బెల్టు మార్గంలోంచి బెల్టు దూర్చి, మెలి పడకుండా చూసి, బకిల్ పెట్టండి. మోకాలితోనో చేతితోనో సీటును కుషన్‌లోకి అదుముతూ, భుజం వైపు నుంచి బెల్టు లాగండి. తర్వాత బెల్టు దూరిన చోట సీటును పట్టుకుని పక్కలకు, ముందుకు కదపండి. 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. పైన తలవైపు పట్టుకుని ఊపి ‘ఊగుతోంది’ అనకండి. వెనక్కి తిరిగే సీటు పైన కొంత ఊగుతుంది, అది తప్పు కాదు. ఎంత లాగినా వదులుగానే ఉంటే బకిల్ ఎక్కడుందో చూడండి. పికప్‌ల వెనక సీట్లలో బకిల్ కాడ పొడుగ్గా ఉండి, బకిల్ సీటు అంచు మీద వంకరగా వాలుతుంది. అలా అంచు మీద ఒత్తిడి పడితే బెల్టు బిగియదు, గుద్దుకున్నప్పుడు బకిల్ పగలొచ్చు కూడా. సీటు చోటు మార్చి చూడండి, మారకపోతే ఆ చోటు వదిలేయండి.

సీటు బిగిశాక ముందు సీట్లలో ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టండి. డ్రైవర్ వెనకా, పక్క సీటు వెనకా, రెండు చోట్లా చూడండి. ముందు సీటు వీపుకు చైల్డ్ సీటు తగులుతుంటే, తగలొచ్చో లేదో రెండు మాన్యువల్‌లూ చూడాలి. కొన్ని సీట్లకు లేతగా ఆనుకున్నా ఫరవాలేదు, కొన్నిటికి వేలెడు సందు ఉండి తీరాలి.

నానమ్మ ఎక్కడ కూర్చోవాలి

ఇద్దరు పిల్లలు, రెండు సీట్లు, మధ్యలో నానమ్మో అమ్మమ్మో. మన ఇళ్లలో ఇదే అసలు పరీక్ష. చైల్డ్ సీటు వెడల్పు సాధారణంగా 43 నుంచి 48 సెంటీమీటర్లు. రెండూ బిగించాక వాటి మధ్య దూరం కొలవండి. 40 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే పెద్దావిడ తోట దాకా కూర్చోలేరు. చోటున్నా ఇంకో చిక్కుంది, మధ్య సీటు బకిల్ చైల్డ్ సీటు అంచు కిందికి పోతుంది, ఆవిడ బెల్టు పెట్టుకోలేక ‘పర్లేదులే’ అనేస్తారు. బెల్టు లేని పెద్దమనిషి గుద్దుకున్నప్పుడు పక్కనున్న పిల్లల మీదే పడతారు. కాబట్టి ఆవిడనే కూర్చోబెట్టి, బెల్టు ఆవిడ చేత్తోనే పెట్టించి చూడండి.

‘ఒళ్లో పెట్టుకుంటాంలే’ అన్న మాటకు లెక్క చెప్పొచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గోడకు గుద్దుకోవడం అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల పైనుంచి పడటంతో సమానం. ఆ దెబ్బకు ఎవరి చేతులూ ఆగవు. చట్టం సంగతికొస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. వెనక లోడు వేసే బాడీలో పిల్లల్ని ఎక్కించడం గురించి వేరే చెప్పక్కర్లేదు, తోట గేటు నుంచి ఇంటిదాకా అయినా వద్దు.

ఎత్తు కూడా చూడాలి. పికప్ ఫ్లోరు కారు కన్నా బాగా ఎత్తు. పన్నెండు కిలోల పిల్లాణ్ని ఎత్తి, లోపలికి వంగి, వెనక్కి తిరిగిన సీటు అంచు దాటించి కూర్చోబెట్టాలి. రోజుకు నాలుగుసార్లు ఆ పని చేసే మనిషే షోరూములో ఒకసారి చేసి చూడాలి, కొనే మనిషి కాదు. సైడ్ స్టెప్ లేకపోతే ధరలో దాన్నీ కలుపుకోండి. పైన హ్యాండిల్ పట్టుకునే బుట్ట రకం సీటయితే దాని బరువే నాలుగు కిలోల దాకా ఉంటుంది, పాప బరువు కలిపి ఎత్తి చూసుకోండి.

ఇంటి సెల్లార్‌లో కూడా టేపు పెట్టాలి. హైలక్స్ పొడవు 5,325 మిల్లీమీటర్లు, అంటే పదిహేడున్నర అడుగులు. పాత అపార్ట్‌మెంట్లలో చాలా స్లాట్లు అంత ఉండవు, బండి ముక్కు దారిలోకి వస్తుంది. అంతకన్నా ముఖ్యం వెనక తలుపు ఎక్కడికి వస్తుందన్నది. సరిగ్గా పిల్లర్ పక్కకు వస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. పాపను ఎత్తుకుని దూరాలంటే 60 సెంటీమీటర్లయినా తెరుచుకోవాలి. లేదంటే చైల్డ్ సీటును పిల్లర్ లేని వైపు పెట్టుకునేలా ముందే చూసుకోండి.

అమెరికా నుంచి వచ్చిన సీటు

అక్కడి నుంచి వచ్చే అన్నయ్యో వదినో ఒక చైల్డ్ సీటు పెట్టెతో పాటు తెచ్చిపెట్టడం హైదరాబాద్‌లో మామూలు. సీటు మంచిదే, చిక్కు బెల్టు దగ్గర. అమెరికా బండ్లలో బెల్టును చివరిదాకా లాగితే అది లాకై, వెనక్కి పోవడమే గాని ముందుకు రాదు. అక్కడి సీట్లు దాన్ని నమ్ముకుని తయారవుతాయి. మన బండ్ల బెల్టు చాలావరకు ఒక్కసారి గుంజితేనే లాకవుతుంది, మామూలప్పుడు వదులవుతూనే ఉంటుంది. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి సీటు పక్కకు జారుతుంది. సీటులోనే బెల్టును పట్టే లాక్ ఉంటే సమస్య లేదు. లేకపోతే హెచ్ ఆకారంలో ఉండే ఇనుప లాకింగ్ క్లిప్పును బకిల్ నాలుకకు అంగుళం లోపు దూరంలో బెల్టు మీద పెట్టాలి. ఐసోఫిక్స్ కడ్డీలుంటే అక్కడి సీటు కింది కొక్కేలు వాటికి తగులుతాయి. అయితే పిల్లల బరువు, సీటు బరువు కలిపి 65 పౌండ్లు, అంటే 29.5 కిలోలు దాటితే కొక్కేలు వదిలేసి బెల్టు వాడాలి.

ఇక్కడ కొనే సీటు మీద నారింజ రంగు స్టిక్కర్ చూడండి, దాని మీద వలయంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం, 44 లేదా 129 అన్న భద్రతా ప్రమాణం నంబరు ఉంటాయి. 44 రకం బరువును బట్టి, 129 రకం ఎత్తును బట్టి. 129 రకంలో కనీసం పదిహేను నెలల దాకా వెనక్కి తిరిగే కూర్చోవాలి. సీటు ఒప్పుకున్నంత కాలం, రెండేళ్లు దాటినా, అలాగే ఉంచడం మేలు. ఎవరో వాడిన సీటు తీసుకుంటే తయారైన తేదీ చూడండి. యాక్సిడెంట్ చూసిన సీటయితే ఊరికే ఇచ్చినా వద్దు.

కొన్నాక పాడుచేసుకునేవి

కొత్త బండి షోరూము నుంచి సరాసరి సీటు కవర్ల షాపుకు వెళ్లడం మన అలవాటు. లావుపాటి ఫోమ్‌తో రెక్సిన్ కవర్ తొడిగితే ఐసోఫిక్స్ కడ్డీలు కుట్టుకింద పడిపోతాయి, చైల్డ్ సీటు కింద నునుపై జారుతుంది, బిగించింది ఫోమ్ అణిగేకొద్దీ వదులవుతుంది. వెనక సీటుకు కవరే వద్దు. తప్పదంటే పల్చటిది, కడ్డీల దగ్గర కోత పెట్టించి వేయించండి. కుట్టే ముందు మీరు అక్కడే ఉండండి.

టైర్లలో గాలి రెండో సంగతి. హైలక్స్, వీ-క్రాస్ లాంటి వాటికి వెనక లీఫ్ స్ప్రింగులు, అంటే బరువు మోయడానికి వేసే ఉక్కు పట్టీలు. బాడీ ఖాళీగా ఉంటే వెనక భాగం గంతులేస్తుంది, నిద్రపోతున్న పిల్లల తల ఊగిపోతుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఖాళీ బండికి, నిండు లోడుకు గాలి విడివిడిగా రాసి ఉంటే, ఆ రెండిటిలో ఏది కావాలో గాలి కొట్టే అబ్బాయికి చెప్పండి. చెప్పకపోతే పికప్ కదా అని నిండు లోడు గాలే కొట్టేస్తాడు.

గడ్డపార, పార, కత్తి, కొబ్బరికాయలు, నీళ్ల క్యాను, ఏవీ క్యాబ్‌లో పిల్లల కాళ్ల దగ్గర ఉండకూడదు. వాటికోసమే కదా వెనక బాడీ ఉన్నది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన బండిలో బకిల్ ఇనుప నాలుక చర్మం కాలేంత వేడెక్కుతుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి, ఎక్కించేముందు బకిల్ మీ చేత్తో తాకి చూడండి.

మూడు చైల్డ్ సీట్లు ఒకేసారి కావాల్సిన ఇల్లయితే మా సలహా పికప్ మానేయమనే. మూడు వరసల కారు కొనుక్కుని, ఎరువుల రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

అడ్వాన్స్ కట్టేముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి. మీరు కొనే వేరియంట్‌లో వెనక ఐసోఫిక్స్, టాప్ టెథర్ ఉన్నాయని ఒకటి, సొంత వాడకానికి ఏ రకంగా రిజిస్ట్రేషన్ చేయిస్తారన్నది రెండోది. డెలివరీ రోజు పూజారి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టకముందే చైల్డ్ సీటు బిగించేయండి. ఆ తర్వాత ఫొటోలు, స్వీట్లు, చుట్టాల హడావిడిలో కుదరదు, పాప ఒళ్లోనే ఇంటికొస్తుంది. తీసేసిన హెడ్‌రెస్ట్‌ను షోరూములో మర్చిపోకండి. ఇంటికి తెచ్చి అటక మీద భద్రపరచండి. వీపు లేని బూస్టర్‌కు మారే రోజున పిల్లల తల వెనక మళ్లీ అదే కావాలి.